సింధూరం తిన్న గొంతు

మొన్న అన్న ఫోన్ చేసి "మంచిగున్నవా చెల్లె" అన్నాడు. ఆ రెండు మాటలకే నాకు భయం పట్టుకుంది. మాటకూ మాటకూ మధ్య గాలి జారుతోంది. "చెల్లె" అనే మాట చివర గొంతు ఆగిపోయి ఉత్త ఊపిరి మిగిలింది. "బియ్యం పంపిస్తున్న, ఇంటికాడ ఎవలన్న ఉంటరా" అని ఆయన తన పాటికి తాను చెప్పుకుపోతున్నాడు. నాకు బియ్యం సంగతి ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు. "ఎన్నాళ్ల నుంచి ఇట్లుంది అన్నా గొంతు?" అని అడిగాను. "బతుకమ్మ పండుగ కాడికెంచి గిట్లనే కూసున్నది. సర్ది. గదే పోతది తియ్యి" అన్నాడు. బతుకమ్మ పండుగ ఎప్పుడో వెళ్లిపోయింది, వరి కోతలు కూడా అయిపోయాయి. అన్నాళ్లు ఉండే సర్దిని నేనింతవరకు చూడలేదు.

మనిషి గొంతులో సన్నటి మడతలు రెండుంటాయి. మాట్లాడేటప్పుడు అవి దగ్గరికొచ్చి ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి, దాన్నే మనం గొంతు అంటాం. నా బతుకంతా ఆ రెండు మడతల చుట్టూనే తిరిగింది. పొద్దున ప్రయోగశాలలో మైకు ముందర మనుషులను కూర్చోబెట్టి వాళ్ల స్వరాన్ని తెర మీద గీతలుగా చూస్తాను. మధ్యాహ్నం పిల్లలకూ పెద్దలకూ పాట నేర్పుతాను. సాయంత్రం పాటలతో నడిచే నాటకాల వాళ్ల దగ్గరికి పోయి, ఆడుతూ ఎగురుతూ పాడినా ఊపిరి తెగకుండా ఎట్లా నిలబడాలో చూపిస్తాను. ఈ మూడూ కలిసి ఒకే ఉద్యోగమని మా వాళ్లకు ఇప్పటికీ అర్థం కాలేదు. బాపు బతికున్నన్నాళ్లు "మా బిడ్డ గొంతుల డాక్టరు" అని చెప్పుకునేవాడు, నేను డాక్టర్ని కాను మొర్రో అని ఎంత మొత్తుకున్నా సరే. ఇంట్లో వాళ్లకు మాత్రం నాతో ఫోన్లో మాట్లాడాలంటే హడల్. మా చిన్నమ్మ కూతురైతే దగ్గు వస్తే ఫోన్ అవతల పెట్టి, పెరట్లోకి పోయి దగ్గి వచ్చి, ఆ తర్వాత మాట్లాడుతుంది. గొంతు వినగానే జబ్బు చెప్పేస్తానని భయం. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. తెలిసినవాళ్ల గొంతు మారితే ఆ రోజు నాకు అన్నం సహించదు.

తెల్లారి కారు తీసుకుని బయల్దేరాను. నేను కారు నడిపేదే భయపడుతూ, ఆ రోజు మరీ అధ్వాన్నం. కామారెడ్డి దాటి ఎల్లారెడ్డి రోడ్డు పట్టుకున్నాక, వెనక లారీ హారన్ కొట్టినప్పుడల్లా పక్కకు ఆపి దారిచ్చాను. మా ఊరు ఎల్లారెడ్డి నుంచి పోచారం చెరువు వైపు పోయే తోవలో ఉంటుంది. ఆ చెరువు నీళ్లు పారే ఊరు కాబట్టి మాకు వరి ఉండేది, చెరుకు ఉండేది, చెరుకుతో పాటు బెల్లం ఉండేది. ఇప్పుడు చెరుకు లేదు, బెల్లం వండే కొట్టమూ లేదు. అన్న వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వి ఏదో అన్నాడు. ఆ మాట దగ్గరికి పోతే గాని వినబడలేదు. వదిన పక్కనుంచి, "నువ్వన్న చెప్పు సుగుణా. దవఖానకు పోదామంటె ఇంటలేడు. బీడీ తాగుడు బందు వెట్టుమంటె ఇంటలేడు. ఇంటెనుక కూసోని తాగుతుండు" అని చెంగుతో కళ్లొత్తుకుంది.

"ఎందుకు అన్నా, దవాఖానకు ఎందుకు పోవు?" అన్నాను. "దవఖానల తేలేది గాదు చెల్లె. గది పాతది. లోపల్నే ఉండె. ఇప్పుడు మల్ల లేసింది" అన్నాడు. వదినకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. యాభై ఏళ్ల కింద ఆయన గొంతులోకి పోయిందని మా ఇల్లంతా నమ్మిన సింధూరం గురించి మాట్లాడుతున్నాడు.

మా ఇంట్లో పొద్దున బాపు దగ్గుతో తెల్లవారేది. అది జబ్బు దగ్గు కాదు, లేచానని అందరికీ తెలియజెప్పే దగ్గు. అది వినబడగానే మా తల్లి, మేం అవ్వ అని పిలిచేవాళ్లం, పొయ్యి దగ్గర కట్టెలు సర్దేది. అవ్వకు రెండు గొంతులుండేవి. బర్రెతో మాట్లాడేటప్పుడు నిండుగా, ఊరవతలికి వినబడేట్టు మాట్లాడేది. బాపుతో మాట్లాడేటప్పుడు పెదవుల దగ్గరే ఆగిపోయేది. నేను వడ్ల గుమ్మి వెనక కూర్చుని ఎవరొస్తున్నారో అడుగుల చప్పుడు కంటే ముందు గొంతును బట్టి చెప్పేదాన్ని. ఎవరికి కోపమొచ్చిందో, ఎవరు ఏడ్చి వచ్చారో కూడా తెలిసేది. ఎవరి గొంతైనా కొంచెం తేడాగా ఉంటే గుమ్మి వెనక నుంచి బయటికి వచ్చేదాన్ని కాదు. చిన్నప్పటి నుంచీ అంతే, పిరికి పిండాన్ని.

ఎండాకాలంలో పంట ఇంటికి చేరాక మా ఊళ్లో భాగోతం నేర్చేవాళ్లు. పిట్లం వైపు నుంచి ఒక పంతులు వచ్చి, హార్మోనియం పెట్టె మోసుకొచ్చి, ఆ రెండు మూడు నెలలు ఊళ్లోనే ఉండేవాడు. పూటకొక ఇంట్లో భోజనం. వేషాలన్నీ మగవాళ్లవే, రాణి అయినా చెలికత్తె అయినా. రాణి వేషానికి మాత్రం మీసం రాని, సన్నటి గొంతున్న పిల్లవాడు కావాలి. ఆ పిల్లవాడు మా అన్న నర్సింలు. అన్న పాడితే బావి దగ్గర నీళ్లు తోడే ఆడవాళ్లు చేద అట్లాగే పట్టుకుని నిలబడేవాళ్లు. నా అన్న అని చెప్పడం కాదు, ఆ తర్వాత వేలమంది గొంతులు విన్నాను, అంత తేలిగ్గా పైకి పోయే గొంతు నాకు మళ్లీ దొరకలేదు.

అన్నకు రాణి వేషం వచ్చిన ఏడు మా ఇల్లంతా వేషం కట్టినట్టే. చింతపండు బంద్. చల్ల బంద్. జామకాయ ఇంట్లోకి వస్తే అవ్వ దాన్ని అటకెక్కించేది. నెయ్యిలో మిరియాలు వేయించి, బెల్లంతో నూరి పొద్దున్నే అన్న నోట్లో పెట్టేది. ఆ వాసనకు నేను తుమ్ముతూ లేచేదాన్ని. ఎండాకాలమంతా పులుపు లేని పప్పు తినలేక బాపు గొణుక్కునేవాడు. పంతులు మాత్రం మా ఇంటి వంతు వచ్చిన రోజు పచ్చిపులుసు పోయించుకుని జుర్రుకునేవాడు. "నాకు గొంతుతోని పని లేదమ్మా, నాది చేతుల పని" అని హార్మోనియం వాయిస్తున్నట్టు వేళ్లాడించేవాడు. తెల్లవారుజామున అన్నను మోటబావి దగ్గరికి తీసుకుపోయి, నీళ్ల దగ్గరి మెట్టు మీద నిలబెట్టి రాణి దరువులు పాడించేవాడు. దరువంటే వేషం పాడుకుంటూ ఆడే పాట. బావి ఆ పాటను తిప్పి పైకి పంపేది. గట్టు మీద బోర్లా పడుకుని నేను వినేదాన్ని. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ బిగబట్టాడో బావిలోంచి అంతా తేటగా వినబడేది. ఇప్పుడు నేను పనిచేసే గదికి గోడల నిండా చప్పుడు మింగే పలకలున్నాయి, మైకు ఖరీదు చెబితే బాపు పడిపోయేవాడు. అయినా ఆ బావి గట్టు మీద విన్నంత హాయిగా అక్కడ వినలేను.

రాజు వేషం సాయిలుది. సాయిలు అన్న కంటే ఏడాది పెద్ద. వాళ్ల చేనూ మా చేనూ పక్కపక్కనే, ఇండ్లు కూడా ఎదురెదురు. అంతకుముందు ఏడు రాణి వేషం సాయిలే కట్టాడు. ఆ తర్వాత అతని గొంతు బొంగురుపోయింది. పంతులు నవ్వి, "ఇగ నువ్వు రాజువురా" అన్నాడు. ఎవరూ రంది పెట్టుకోలేదు. రాణి కిరీటం తీసి అన్న నెత్తిన పెట్టారు, రాజు కత్తి సాయిలుకు ఇచ్చారు. ఇద్దరూ ఒక కంచంలో తినేవాళ్లు. సాయిలు వాళ్ల అమ్మ లచ్చవ్వ, అన్నకు ఇష్టమని పండుగ కాకున్నా మలీద ముద్దలు చేసి పెట్టేది. రొట్టెలు విరిచి బెల్లంతో కలిపి ముద్ద కట్టేది. నాకూ ఒకటి ఇచ్చి, "నువ్వు గుడ తిను బిడ్డా, నీ అన్న కంటె నువ్వె మంచిగ వాడ్తవు, నేను విన్న" అని చెవిలో చెప్పేది. అబద్ధమే, అయినా ఆ మాట చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఏడు భాగోతం ఇంకా రెండు రోజులుందనగా, పొద్దుగూకే వేళ బెల్లం కొట్టంలో ఊరందరి ముందర ఒకసారి ఆడి చూసుకున్నారు. బెల్లం వండడం అయిపోయి చాలా రోజులైనా ఆ నేల కాళ్లకు అంటుకునేది, ఈగలు ముసిరేవి. రాణి ముందు తెర వెనక నిలబడి ప్రవేశ దరువు పాడాలి, ఆ తర్వాతే తెర దించుతారు. ఇద్దరు మనుషులు దుప్పటి పట్టుకున్నారు. దాని కింద గజ్జెలు కట్టిన అన్న కాళ్లు కనబడుతున్నాయి. అన్న దరువెత్తుకున్నాడు. రెండో చరణంలో పైకి పోయేచోట గొంతు రెండుగా చీలింది. ఒకటి పైన, ఒకటి కింద. ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న మళ్లీ ఎత్తుకున్నాడు, ఈసారి ముసలాయన గొంతు వచ్చింది. అందరూ నవ్వారు. మూడోసారి ఏమీ రాలేదు. గజ్జెలు మాత్రం సన్నగా మోగుతున్నాయి. అన్న కాళ్లు వణుకుతున్నాయని నాకు తెలిసింది. నేను అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

పంతులు హార్మోనియం మూసి, "వీనికి ఎవలో సింధూరం పెట్టిన్రు" అన్నాడు. అప్పట్లో అందరికీ తెలిసిన మాటే అది. పాడేవాడంటే గిట్టనివాళ్లు తిండిలో సింధూరం కలిపి పెడితే గొంతు పోతుందని. ఆ మాట అనగానే కొట్టంలో నవ్వులు ఆగిపోయాయి. "పొద్దుగాల ఏం తిన్నవురా?" అని బాపు అడిగాడు. అన్న నోరు తెరిచి, "సాయిలు ఇంట్ల మలీద" అన్నాడు, ఆ చీలిన గొంతుతోనే. లచ్చవ్వ ఇంటి గూట్లో హనుమంతునికి పెట్టే సింధూరం డబ్బా ఉండేది. అందరిండ్లల్లో ఉండేది, మా ఇంట్లోనూ ఉండేది. కానీ సాయిలు పోయిన ఏడు రాణి, ఈ ఏడు రాణి వేషం పోగొట్టుకున్నవాడు. అంతే, లెక్క సరిపోయింది. లచ్చవ్వ గుంపులోంచి ముందుకొచ్చి, "అయ్యో, నా కొడుకసొంటోనికి నేనెందుకు వెడ్తనయ్యా" అని గుండెలు బాదుకుంది. బాపు ఆమె వంక చూడలేదు. అన్న చేయి పట్టుకుని లాక్కుంటూ, మా అందరికీ వినబడేట్టు, "ఇయ్యాల్టి సంది ఆ ఇంట్ల చుక్క నీళ్లు ముట్టొద్దు. ముట్టినోడు నా ఇంట్లకు రావద్దు" అన్నాడు. సాయిలు రాజు కిరీటంతో అట్లాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత మా ఇంట్లో గడిచిన రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ బుగులే. అన్నకు ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. ఆముదం పోశారు. ఎవరెవరో పసర్లు పిండారు. బీర్కూర్ దగ్గర ఎవరో మందు కక్కిస్తారంటే బాపు బండి కట్టించి తీసుకుపోయాడు. కక్కిన ప్రతిసారీ అవ్వ దీపం పట్టుకుని అందులో ఎర్రగా ఏమైనా ఉందా అని వెదికేది. ఒకసారి తాంబూలం ఎరుపు చూసి, అదిగో సింధూరం అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అన్న మాట్లాడటం మానేశాడు. మాట్లాడితే గొంతు ఎటు పోతుందో అని. పలక మీద రాసి చూపించేవాడు, అదీ లేకపోతే చేతులతో. నేను పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ ఉండేదాన్ని, అది కూడా ఆగిపోతుందేమోనని. వానలు పడే నాటికి మెల్లగా మాట వచ్చింది. దిట్టమైన మగ గొంతు, బాపు గొంతు కంటే కింద. "సింధూరం తిన్న గొంతు, గింతన్న మిగిలింది, గదే పదివేలు" అని అవ్వ మొక్కు చెల్లించింది. అన్న మళ్లీ ఎప్పుడూ పాడలేదు. భాగోతం కూడా మా ఊళ్లో అదే ఆఖరు, అసలది ఆడనే లేదు. లచ్చవ్వను ఊళ్లో ఆడవాళ్లు పసిపిల్లల దగ్గరికి రానివ్వలేదు. కొన్నేళ్లకు వాళ్లు చేను అమ్ముకుని ఎల్లారెడ్డి పోయారు. అక్కడే ఆమె పోయిందని తెలిసింది. మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు.

నేను పట్నంలో గొంతుల చదువు చదివేటప్పుడు ఒకరోజు మా సారు బోర్డు మీద రెండు బొమ్మలు గీశాడు. ఒకటి పదేళ్ల పిల్లవాడి గొంతు పెట్టె, ఇంకొకటి అదే పిల్లవాడికి మీసాలొచ్చే వేళకు. ఆ వయసులో మడతలు గబగబా పొడుగవుతాయి, మందమవుతాయి, కొన్నాళ్లు పిల్లవాడికి వాటి మీద పట్టు చిక్కదు, గొంతు చీలుతుంది, పాత గొంతులోనే బలవంతంగా పాడిస్తే మరీ చీలుతుంది అని చెప్పి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని ఇంకో పాఠంలోకి పోయాడు. నేను క్లాసులోంచి లేచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అంతేనా? ప్రతి మగపిల్లవాడికీ జరిగేదేనా? సాయిలుకు ఏడాది ముందు జరిగింది, అతన్ని రాజును చేశారు. అన్నకు ఏడాది తర్వాత జరిగింది, ఒక తల్లిని మందు పెట్టినదాన్ని చేశారు. ఆ రాత్రికి ఆగలేక బస్సెక్కి ఇంటికి పోయి, బాపు ముందర కాగితం పెట్టి ఆ రెండు బొమ్మలు గీసి చూపించాను. బాపు చాలాసేపు చూసి, "చదువుకున్నవు బిడ్డా, కాదంటలేను. గని ఆనాడు నువ్వు పోరివి, నీకేం ఎర్క" అని లేచిపోయాడు. నాకు కోపమొచ్చింది, తర్వాత అర్థమైంది. సింధూరం కాదని ఒప్పుకుంటే లచ్చవ్వకు ఏం చెప్పాలి? అంత బరువు ఎత్తుకోవడం కంటే సింధూరమే తేలిక. అన్న ఆ కాగితాన్ని చూడను కూడా చూడలేదు.

అప్పటి నుంచి నేను పాట నేర్పే ప్రతి మగపిల్లవాడి తల్లిదండ్రులనూ ముందే కూర్చోబెట్టి చెబుతాను. గొంతు చీలుతుంది, భయపడొద్దు, దిష్టి తీయొద్దు, ఎవరినీ అనొద్దు అని. ఇంటర్నెట్ చూసే తల్లులు, ఇది మాకు తెలియదా మేడం అన్నట్టు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. మా నాటకాల్లో ఎవరైనా పిల్లవాడికి గొంతు మారుతుంటే ఇంకో వేషం రాయించి పెడతాను, రాణి నుంచి రాజుకు పోయే దారి తెరిచే ఉంచుతాను. నాకిన్ని యంత్రాలున్నాయి, ఇంత చదువుంది. అయినా అన్న ఫోన్లో మాట్లాడిన రోజు నా ఒంట్లో పుట్టిన భయం, అవ్వ దీపం పట్టుకుని వెదికిన భయమే. ఆమె ఎర్రగా ఉందా అని వెదికింది, నేను ఇంకేదో వెదుకుతున్నాను. తేడా అంతే.

వాకిట్లో అన్న మంచం పక్కన కూర్చుని వాదించి వాదించి అలసిపోయాను. చివరికి ఒకటి తోచింది. "సరే అన్నా, సింధూరమే అనుకో. కామారెడ్డిల సన్నటి కెమెరా గొట్టం ఉంటది. ముక్కులకెంచి లోపలికి పోతది. నీ గొంతు టీవీల కనవడ్తది. నువ్వే చూడు. సింధూరం ఉంటె ఎర్రగ కనవడాలె గద" అన్నాను. అన్న ఆలోచించాడు. "నిజంగ కనవడ్తదా?" "నీ కండ్ల తోటి నువ్వే చూస్తవు." "అయితె నడువు" అని లేచి అంగీ వేసుకున్నాడు. తన మాట నిజమని నాకు చూపించడానికి బయల్దేరాడు, గొంతు చూపించుకోవడానికి కాదు.

కామారెడ్డిలో ఆ దవాఖాన మెట్లు అన్న కంటే నేనే మెల్లగా ఎక్కాను. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కెమెరా లోపలికి పోయింది. తెర మీద మడతలు కనబడ్డాయి. నేను రోజూ చూసేవే, కానీ ఇవి అన్నవి. కుడి మడత బాగానే కదులుతోంది. ఎడమ దాని అంచున తెల్లటి పొర, మధ్యలో కొంచెం గరుకుగా లేచి ఉంది. అట్లాంటివి ఎటు తిరుగుతాయో నాకు తెలుసు. అన్న కళ్లు ఆ తెర మీద నుంచి కదలడం లేదు. గొట్టం తీయగానే అడిగిన మొదటి మాట, "ఎర్రగ ఏం లేదా అమ్మా?" డాక్టరమ్మకు అర్థం కాక నా వంక చూసింది. "లేదు పెద్దాయనా. ఎక్కడా ఎరుపు లేదు. తెల్లగుంది. అదే జర మనం చూసుకోవాలె. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అన్న ఊపిరితో అడిగాడు, "అప్పుడు గుడ లేకుండెనా చెల్లె?" "లేకుండె అన్నా. నీకు మీసాలచ్చే ఈడు. గొంతు మారింది. అంతకు ముందటేడు సాయిలుకు మారినట్టే." "గంతేనా?" "గంతే." ఆయన తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుపులో కూడా గొంతు లేదు. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇన్నేళ్లు నేను ఎంత చెప్పినా వినని మనిషి, ఆ తెల్లటి మచ్చ కనబడితే గాని నమ్మలేదు. ఇంత ఖరీదు పెట్టి నమ్మించాలని నేను ఎన్నడూ కోరుకోలేదు దేవుడా.

మర్నాడు మత్తిచ్చి ముక్క తీశారు. ఆ మర్నాడు ఇంటికి పొమ్మంటూ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, తను మళ్లీ చూసేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు, పుండు మానాలి అని. రిపోర్టు వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. ఇది రాస్తున్న వేళకు కూడా ఆ ఫోన్ రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా తీయడానికి నాకు చేయి రాదు, ఇంకెవరైనా తీస్తే బాగుండుననిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఎల్లారెడ్డి బస్టాండు దాటుతుంటే అన్న నా భుజం తట్టి, ఎడమ వైపు సందు చూపించాడు. ఎటు పోతున్నామో నాకు అప్పుడు తట్టలేదు. ఒక రేకుల ఇంటి ముందు ఆపమని చెయ్యెత్తాడు. ఇంటి ముందు కుర్చీలో తెల్ల మీసాల మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి "ఎవలు?" అన్నాడు. ఆ ఒక్క మాటతో సాయిలు గొంతు నాకు దొరికింది. అన్న పోయి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సాయిలు గుర్తుపట్టాడు. నా వైపు తిరిగి, "సూసినవా సుగుణా, గిన్నేండ్లకు ఇంటికొచ్చి గుడ నాతోని మాట్లాడడు" అన్నాడు. నేను గబగబా, "అట్ల గాదు సాయన్నా, గొంతుల ఆపరేషన్ అయింది, డాక్టర్ నోరు తెరవద్దన్నది. గొంతును టీవీల చూసిండు. సింధూరం లేకుండె. ఎన్నడు లేకుండె" అన్నాను. ఆ మాటకు సాయిలు మొహం ఏమయిందో నేను చెప్పలేను. "గా ముచ్చట మా అవ్వ బతికున్నప్పుడు జెప్పేదుండె" అని మాత్రం అన్నాడు.

ఇంతలో లోపలి నుంచి సాయిలు కోడలు, ఎవరో చుట్టాలొచ్చారనుకుని, చెంబు నిండా నీళ్లు తెచ్చి అన్న ముందర పట్టింది. ఆ పిల్లకు పాత సంగతులేవీ తెలియవు. సాయిలు చెయ్యి అడ్డం పెట్టి, కోపం లేకుండా, అలవాటైన మాట అన్నట్టు, "లోపలికి తీస్కపో బిడ్డా. ఆళ్లు మనింట్ల తాగరు" అన్నాడు.

అన్న ఆ చెంబును రెండు చేతులతో అందుకున్నాడు. పైనుంచి పోసుకోలేదు, మూతికి ఆనించి తాగాడు. గొంతు నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి, మింగలేక ఒకసారి ఆగాడు, మళ్లీ తాగాడు. గొంతుముడి పైకీ కిందికీ పోతుంటే నేను చూస్తున్నాను. సాయిలు కూడా అదే చూస్తున్నాడు. కుర్చీలోంచి సగం లేచి, చెంబు అడుగున తన చెయ్యి ఆనించి అన్నాడు.

"మెల్లగ తాగురా నర్సిం. గొంతు పైలం."